అర్థం కాకపోతే ఏం పోయింది?

పని మీద హైదరాబాద్ వెళ్తారు. ఆసుపత్రిలో చూపించుకోవడమో, పెళ్లి బట్టలో, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లను చూసి రావడమో. మధ్యాహ్నానికల్లా పని అయిపోతుంది. తిరుగు రైలు రాత్రికి. "మాదాపూర్‌లో ఆర్ట్ గ్యాలరీ ఉంది, చూసొద్దామా నాన్నా?" అంటుంది పిల్ల. మీరేమంటారు?

"మనకేం తెలుస్తయ్ తల్లీ అవన్నీ! చార్మినార్ పోదాం పా."

చార్మినార్‌తో నాకేం పేచీ లేదు. పేచీ అంతా ఆ "మనకేం తెలుస్తయ్"తోనే. అశ్వారావుపేట నుంచి ఇల్లెందు దాకా, చర్ల నుంచి మధిర దాకా ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. చదువు లేనివాళ్లే అంటారనుకోకండి. ఎమ్మెస్సీలు చేసినవాళ్లు, పాతికేళ్లు పాఠాలు చెప్పినవాళ్లు కూడా అంటారు. బొమ్మ ముందు నిలబడగానే ఎవరో వచ్చి ప్రశ్న వేస్తారని, జవాబు రాకపోతే పరువు పోతుందని లోపల ఒక బెదురు.

ఒక్క మాట అడుగుతాను. ఖమ్మం మార్కెట్ యార్డులో తేజ మిర్చి బస్తా విప్పి, గుప్పెడు కాయ చేతిలోకి తీసుకుని, ఇది వాన తగిలిన సరుకు, ఇందులో తాలు కలిసింది, ఇది మాత్రం కల్లంలో బాగా ఎండింది అని చూపుతోనే తేల్చే రైతు ఉంటాడు కదా? ఎరుపులో ఎన్ని ఎరుపులున్నాయో ఆయనకు తెలిసినంతగా ఏ చిత్రకళా విమర్శకుడికి తెలుసు? ఆ కాయకు అర్థమేమిటని ఆయన ఎవరినీ అడగడు. చూస్తాడు, పోల్చుకుంటాడు, ఒక అభిప్రాయానికి వస్తాడు. గ్యాలరీలో చేయాల్సిన పని సరిగ్గా ఇదే. కన్ను మీ దగ్గర ఉంది. లేనిదల్లా కాస్త తీరిక, కాస్త మొండితనం. ఈ రెండూ ఎలా తెచ్చుకోవాలో చెప్పడమే ఈ అధ్యాయం పని.

ముందు ఎక్కడికి?

మన వైపు ఆధునిక చిత్రకళకంటూ పెద్ద మ్యూజియం లేదు. అందుకని దగ్గర నుంచి దూరానికి వెళ్దాం.

మొదటి మజిలీ భద్రాచలం. రాములవారి దర్శనానికి ఎలాగూ వెళ్తారు. అక్కడే ఐటీడీఏ ఆవరణలో గిరిజన మ్యూజియం ఉంది. కోయలు, కొండరెడ్లు వాడిన పనిముట్లు, వాయిద్యాలు, ఇంటి సామాను కనిపిస్తాయి. ఇది ఆధునిక చిత్రకళ కాదు కదా అంటారా? కాదు. అయినా సాధన ఇక్కడే మొదలుపెట్టమంటాను, ఎందుకంటే ఇక్కడ గైడు మీరే. గోడకు తగిలించిన డోలును చూసి అది ఏ పండగకు మోగుతుందో, ఎవరు వాయిస్తారో చెప్పగలిగిన వాళ్లు మీ పక్కనే నిలబడి ఉండొచ్చు. కోయల పడిగెలు ఎరిగిన వాళ్లుంటే మరీ మంచిది. గుడ్డ మీద బొమ్మలుగా ఇలవేల్పుల చరిత్ర ఉంటుంది. డోలి కళాకారుడు ఒక్కో బొమ్మనూ చూపుతూ ఆ వంశం కథ పాడతాడు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారికి ఈ విద్యకే 2022లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజుల కథలు ఆయనకు నోటికి వచ్చేవి. 2024లో ఆయన పోయారు. బొమ్మను చూస్తూ కథ వినడం మన అడవికి కొత్త కాదని తెలిస్తే, రేపు హైదరాబాద్ గ్యాలరీ మెట్లెక్కేటప్పుడు కాళ్లు తడబడవు.

రెండోది రాజమండ్రి. భద్రాచలం వాళ్లకు ఇది గోదారి వెంట దిగువకు పోవడమే. అక్కడ దామెర్ల రామారావు పేరు మీద చిత్రకళా మందిరం ఉంది. ఆయన 1897లో పుట్టి, 1925లో మశూచితో పోయాడు. 28 ఏళ్లు నిండలేదు. బొంబాయి జె.జె. స్కూల్లో చదువుకుని వచ్చి రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టాడు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. ఆ కాలంలో ఒక తెలుగింట్లో ఆడవాళ్లు కుంచె పట్టడమే పెద్ద కబురు. ఆయన గోదావరిని, తూర్పు కనుమలను వేశాడు. పాపికొండల పడవ ఎక్కినవాళ్లు, పోచవరం రేవులో టీ తాగినవాళ్లు ఆ కొండల రంగు సరిగా పడిందో లేదో నిలదీయవచ్చు. నిలదీయండి.

మూడోది హైదరాబాద్. మాదాపూర్ కావూరి హిల్స్‌లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది. అక్కడ ప్రదర్శనలు మారుతూ ఉంటాయి, ఈ నెల చూసింది వచ్చే నెల ఉండదు. సాలార్ జంగ్ మ్యూజియంలో ఆధునిక భారతీయ చిత్రాల గ్యాలరీ ఒకటుంది. అక్కడ ఒక వింత చూడండి. గంట కొట్టే గడియారం ముందు జనం బెంచీల మీద కిక్కిరిసి కూర్చుంటారు. చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోగానే అందరూ లేచి వెళ్లిపోతారు. చిత్రాల గదిలో మాత్రం కావలసినంత చోటు. నాకు అదే ఇష్టం.

పిల్లలు బెంగళూరులో ఉంటే అక్కడ మాణిక్యవేలు మాన్షన్‌లో 2009లో తెరిచిన నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్ ఉంది. చెట్ల నీడలో కూర్చోవడానికైనా వెళ్లొచ్చు.

ఇంకా దూరమా? పిల్లలు ఫ్రాన్స్‌లో చదువుకుంటున్న ఇళ్లు మన జిల్లాల్లోనూ ఉన్నాయి. పారిస్‌లో నగరపాలక సంస్థే ఒక ఆధునిక చిత్రకళా మ్యూజియం నడుపుతుంది. నల్లా నీళ్లు, చెత్త బండి చూసుకునే కార్పొరేషనే మాటీస్ చిత్రాలను కూడా చూసుకుంటుందన్న మాట. ఆ మ్యూజియం సొంత సేకరణ చూడటానికి టికెట్ కూడా లేదు. తెలుగు నేల మీద విశాఖ మ్యూజియం కూడా నగరపాలక సంస్థదే, కాకపోతే అక్కడున్నవి ఎక్కువగా చరిత్ర వస్తువులు. పారిస్ మ్యూజియంలో రావుల్ దుఫీ అనే ఆయన 1937లో వేసిన చిత్రం ఒకటుంది. ఎత్తు 10 మీటర్లు, పొడవు 60 మీటర్లు, మొత్తం 250 చెక్క పలకలు. గది గోడలన్నీ చుట్టేసి ఉంటుంది. దాని విషయం ఏమనుకున్నారు? కరెంటు! పాత కాలపు తత్వవేత్తల నుంచి విద్యుత్తును కనిపెట్టిన శాస్త్రవేత్తల దాకా వందమందికి పైగా మనుషులు, జనరేటర్లు, వాటి మీదుగా ఎగిరే దేవత. పాల్వంచ కేటీపీఎస్‌లో టర్బైన్ పక్కన ముప్పై ఏళ్లు డ్యూటీ చేసిన మనిషిని ఆ గదిలో నిలబెడితే, కళా చరిత్ర చదివిన వాడికి కనిపించనివి ఆయనకు కనిపిస్తాయి. "మనకేం తెలుస్తయ్" అని అప్పుడు ఎవరనాలి?

ఇక పనిలోకి దిగుదాం

1. మూసి ఉండే రోజు ముందే కనుక్కోండి. సాలార్ జంగ్‌కు శుక్రవారం సెలవు. నేషనల్ గ్యాలరీకి సోమవారం సెలవు. ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. కొత్తగూడెంలో రైలెక్కే ముందే ఫోన్ చేసి అడగండి. ప్రదర్శనలు మారే చోటైతే "ఇప్పుడు ఏం నడుస్తోంది?" అని కూడా అడగండి. ఒక ప్రదర్శన దించి ఇంకొకటి ఎక్కించే మధ్యలో వెళ్తే ఖాళీ గోడలు, నిచ్చెనలు కనిపిస్తాయి.

2. తిని వెళ్లండి, సంచులు తగ్గించుకోండి. ఆకలి మీద ఎవరికీ ఏ బొమ్మా నచ్చదు. పెద్ద సంచులు చాలా చోట్ల గేటు దగ్గరే పెట్టించుకుంటారు. మంచినీళ్లు, కళ్లద్దాలు, చిన్న నోటు పుస్తకం, పెన్సిల్ చాలు. పెన్ను కాదు, పెన్సిలే. సిరా చుక్క పడితే ఏమవుతుందోనని కాపలా వాళ్ల భయం, అది న్యాయమైన భయమే.

3. మొదటి చుట్టు ఆగకుండా తిరగండి. అందరూ చేసే తప్పు ఒకటుంది. గుమ్మం పక్కనున్న మొదటి బొమ్మ ముందు పది నిమిషాలు, రెండో దాని ముందు ఐదు, పదో దాని దగ్గరికొచ్చేసరికి కాళ్లు లాగుతాయి, మిగతా యాభై గబగబా నడిచేస్తారు. దీన్ని తిరగేయండి. ముందు హాలంతా ఊరికే ఒక చుట్టు తిరగండి. ఎక్కడా ఆగొద్దు, ఏదీ చదవొద్దు. మెడ దానంతటదే వెనక్కి తిరిగిన బొమ్మలు రెండో మూడో ఉంటాయి. అవి గుర్తు పెట్టుకోండి. ఆ రోజుకు మీ మ్యూజియం ఆ మూడే. మిగతావి చూడలేదన్న బెంగ అక్కర్లేదు. మెడ తిరగడానికి కారణం నచ్చడమే కానక్కర్లేదు, చిరాకు పుట్టినా లెక్కే.

4. చీటీ తర్వాత, బొమ్మ ముందు. బొమ్మ పక్కన చిన్న చీటీ ఉంటుంది. చూపు ముందు దాని మీదికే పోతుంది. చీటీ మీద "సంధ్య" అని ఉంటే ఇక ఆ బొమ్మలో సంధ్య తప్ప ఏదీ కనిపించదు. అందుకని ఆ చీటీ వైపు కాసేపు చూడొద్దు. చదివే వేళ తర్వాత వస్తుంది.

5. ఫోన్‌లో అమ్మమ్మకు చెప్పండి. ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి.

ఎంచుకున్న బొమ్మ ముందు నిలబడ్డారు. ఏం చేయాలో తోచడం లేదు. సరే, ఇంటి దగ్గర మంచంలో ఉన్న అమ్మమ్మ ఫోన్ లైన్‌లో ఉందనుకోండి. ఆమెకు బొమ్మ కనిపించదు. మీరు చెప్పాలి. అమ్మమ్మ దగ్గర "అద్భుతంగా ఉంది", "చాలా డెప్త్ ఉంది" లాంటి మాటలు చెల్లవు.

ఉదాహరణకు సూర్యప్రకాశ్ గారి బొమ్మ ఒకటి ఎదురైందనుకుందాం. ఈయన మనవాడే, 1940లో మధిరలో పుట్టారు, 2019లో పోయారు. 1960లలో ఆయన పాత కార్ల తుక్కును వరసగా బొమ్మలు వేశారు. తర్వాతి కాలంలో నీటి మడుగులు, వాటిలో ఆకుల నీడలు. తుక్కు బొమ్మ ముందు సంభాషణ ఇలా సాగుతుంది:

"ఏందిరా అది?"

"కార్లు అమ్మమ్మా. అంటే కార్లు కాదు, విరిగిన ముక్కలు. కుప్పపోసినట్టున్నయ్."

"ఎర్రగున్నయా?"

"ఎరుపు కాదు. తుప్పు."

"తడి తుప్పా, ఎండిన తుప్పా?"

ఇదిగో, ఇక్కడ మీరు ఆగి మళ్లీ చూస్తారు. తడిసిన తుప్పు నల్లగా, ఎండిన తుప్పు పొడిపొడిగా నారింజ రంగులోకి తిరిగి ఉంటుంది. చిత్రకారుడు ఏది వేశాడు? రెండూ వేశాడా? ఆ ప్రశ్న వేసుకున్న క్షణం నుంచి మీరు నిజంగా చూడటం మొదలుపెట్టినట్టు. కొత్తగూడెం, ఇల్లెందుల్లో పాత గని సామాను పడేసిన చోట్లు చూసిన కన్నుకు ఈ తేడా ఇట్టే పడుతుంది.

తర్వాత అమ్మమ్మ ఇంకా అడుగుతుంది. ఎంత పెద్దది, తలుపంతా, కిటికీ అంతా? మనుషులెవరూ లేరా? ఎండ ఏ వైపు నుంచి పడుతోంది? బొమ్మ అంచు దగ్గర ఏం తెగిపోయింది? అంచుల సంగతి ముఖ్యం. ఎక్కడ కత్తిరించాలో చిత్రకారుడు తేల్చుకునే కత్తిరించాడు. ఒక చక్రం సగమే కనిపిస్తే మిగతా సగం మీ తలలో తిరుగుతుంది. ఒకసారి పది అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. మళ్లీ దగ్గరికి రండి, చేయి తగలనంత దగ్గరికి. దూరం నుంచి నీడలా ఉన్నది దగ్గరికొస్తే నాలుగు కుంచె గీతలే అయి ఉంటుంది.

ఇదంతా మనసులోనే సుమా. నిజంగా ఫోన్ చేసి హాల్లో అరిస్తే కాపలా ఆయన వస్తాడు.

6. ఇప్పుడు చీటీ చదవండి, పూర్తిగా. పేరు, సంవత్సరం చదివి వదిలేస్తారు చాలామంది. అసలు సరుకంతా కింది వరుసల్లో ఉంటుంది. "కాన్వాస్ మీద ఆయిల్" అంటే నెమ్మదిగా ఆరే రంగు, వారాల తరబడి దిద్దుకోవచ్చు. "యాక్రిలిక్" అంటే నిమిషాల్లో ఆరిపోతుంది, చేయి చురుగ్గా సాగాలి. నీటిరంగులైతే తప్పు దిద్దుకోవడం కష్టం, కాగితం తెలుపునే వెలుగుగా వాడుకోవాలి.

"ఎచింగ్" అని ఉంటే దాని ముందు ఇంకో ఐదు నిమిషాలు ఉండండి. రాగి పలక మీదో జింకు పలక మీదో మైనంలాంటి పూత పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచుతారు. గీసిన చోట మాత్రమే యాసిడ్ లోహాన్ని తింటుంది. ఆ గాళ్లలో సిరా నింపి, తడి కాగితం పెట్టి, యంత్రంలో గట్టిగా నొక్కితే బొమ్మ దిగుతుంది. లక్ష్మాగౌడ్ గారు ఈ పనిలో దిట్ట. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు, బరోడాలో చదువుకున్నారు. ఆయన బొమ్మల్లో మేకలు కనిపిస్తాయి. ఆ మేక వెంట్రుక ఒక్కొక్కటీ సూదితో గీసి యాసిడ్‌తో తినిపించినదని తెలిశాక చూడండి, ముందు చూసిన మేకలా ఉండదు.

చిత్తూరు దగ్గర నందనూరు నుంచి వెళ్లిన కృష్ణారెడ్డి గారు (1925-2018) పారిస్‌లో ఈ అచ్చు పనిలోనే ప్రపంచం అంతా నేర్చుకున్న పద్ధతిని తీర్చిదిద్దినవాళ్లలో ఒకరు. ఒకదాని కంటే ఒకటి చిక్కగా ఉన్న రంగులను ఒకే పలక మీద వేస్తే, నూనె పాళ్ల తేడా వల్ల అవి కలిసిపోకుండా దేని చోట అది నిలుస్తుంది. ఒక్క పలక, ఒక్క నొక్కు, ఎన్నో రంగులు.

అచ్చు చిత్రాల కింద పెన్సిల్‌తో 7/25 అని రాసి ఉంటే కంగారుపడి తేదీ అనుకోకండి. మొత్తం పాతిక ప్రతులు తీశారు, ఇది అందులో ఏడోది అని అర్థం. అమ్మకానికి పెట్టిన ప్రదర్శనల్లో చీటీ పక్కన ఎర్ర చుక్క అంటించి ఉంటే ఆ బొమ్మ అమ్ముడుపోయినట్టు. ధర చూసి గుండె గుభేల్‌మంటే తప్పు లేదు, అందరికీ అంటుంది. చూడటానికి మాత్రం అదే బొమ్మ, కొన్నవాడికీ మీకూ.

7. "మా పిల్లోడు కూడా వేస్తడు ఇది!" ఈ మాట నోటిదాకా రాకుండా ఎవరూ గ్యాలరీ నుంచి బయటపడరు. వస్తే అనండి, తప్పేముంది? కానీ అన్న తర్వాత ఆ మాటకు కట్టుబడండి. నోటు పుస్తకం తీసి ఆ బొమ్మను అక్కడికక్కడే పెన్సిల్‌తో దించండి. రెండు గీతలు, ఒక మరకే కదా. ఆ మరక మధ్యలో కాకుండా ఓ పక్కకు ఎందుకుందో, అది కాస్త జరిగితే మొత్తం ఎలా ఒరిగిపోతుందో మీ పెన్సిలే చెబుతుంది. దించాక కూడా "ఇందులో ఏమీ లేదు" అనిపిస్తే అప్పుడది మీ అభిప్రాయం, దానికో విలువ ఉంది. నిజానికి గ్యాలరీల్లో పస లేనివీ బోలెడు ఉంటాయి. నన్నడిగితే హాలు అద్దెకు తీసుకుని పెట్టే చాలా ప్రదర్శనల్లో కళ్లు మూసుకున్న బుద్ధుళ్లు, పరుగెత్తే గుర్రాలు, ముక్కలు ముక్కలైన వినాయకుళ్లు సగానికి సగం తగ్గించినా నష్టమేమీ లేదు. బాగాలేదనడానికి మీకు హక్కుంది. ఎందుకు బాగాలేదో ఒక్క ముక్క చెప్పగలగాలి, అంతే.

"శీర్షిక లేదు" అని రాసిన నైరూప్య చిత్రాలు ఇంకా చిరాకు పెడతాయి కొందరికి. వాటి దగ్గర "ఇదేమిటి?" అన్న ప్రశ్న మానేసి "ఇక్కడ ఏది ఎక్కువ, ఏది తక్కువ?" అని అడగండి. ఏ రంగు బొమ్మంతా పరుచుకుంది, ఏది మూలన కాస్తంత కనిపించి ఆగింది? కన్ను ఎక్కడ మొదలై ఎటు జారింది? మిర్చి యార్డు కన్ను ఇక్కడ పనికొస్తుంది. తోట వైకుంఠం గారి బొమ్మల్లో పెద్ద బొట్టు, నిండు చీరల తెలంగాణ ఆడవాళ్లను అందరూ గుర్తుపడతారు, క్యాలెండర్ల మీదా చూసి ఉంటారు. ఆయన ఎరుపు ముందు ఒకసారి మనిషిని మరిచి రంగునే చూడండి. నైరూప్యాన్ని చూడటానికి అది మంచి తొలి పాఠం. ఇంకో విశేషం, 1988లో వచ్చిన "దాసి" సినిమా కళా దర్శకత్వానికి జాతీయ అవార్డు అందుకున్నది కూడా ఈయనే.

8. నగ్న చిత్రాలు ఎదురైతే? పుస్తకాల్లో ఎవరూ రాయరు గానీ అసలు ఇబ్బంది ఇదే. అత్తగారు పక్కన, చేయి పట్టుకుని ఏడో తరగతి పిల్లాడు, ఎదురుగా గోడంత నగ్న చిత్రం. అందరూ ఒక్కసారిగా సీలింగు ఫ్యాను వైపు చూస్తారు. చిత్రకళ చదివే ప్రతివాళ్లూ మనిషి ఒంటిని చూసి గీయడం నేర్చుకుంటారు. దామెర్ల కాలం నుంచీ అంతే. లక్ష్మాగౌడ్ గారి తొలి నాళ్ల అచ్చుల్లో ఊళ్లోని కోరికలు దాపరికం లేకుండా ఉంటాయి. మీకు ఇబ్బందిగా ఉంటే పక్క బొమ్మకు నడవండి, ఎవరూ లెక్క రాయరు. పిల్లాడు అడిగితే మాత్రం కసరొద్దు. "మనిషి ఒళ్లు ఎట్లుంటదో చూసి నేర్చుకుని వేసిండు రా" అంటే చాలు. వాడు అప్పటికే పక్క గదిలో ఇంకేదో చూడటానికి పరుగెత్తి ఉంటాడు. పెద్దవాళ్లే తేరుకోవాలి.

9. అడగండి, కానీ సరైన ప్రశ్న అడగండి. కొత్త ప్రదర్శనల్లో చాలాసార్లు చిత్రకారుడో చిత్రకారిణో అక్కడే కుర్చీలో కూర్చుని ఉంటారు. వచ్చినవాళ్లు పలకరిస్తారేమోనని ఎదురుచూస్తుంటారు కూడా. వాళ్ల దగ్గరికి వెళ్లి "దీని అర్థమేంటండీ?" అంటే మొహం వాడిపోతుంది. "ఈ ముదురు నీలం ఎట్లా తెచ్చారండీ?", "ముందు ఏది వేశారు, మనిషినా చెట్టునా?", "ఇది ఆపేయొచ్చని ఎప్పుడనిపించింది?" అని అడగండి. చేతి పని గురించి అడిగితే ఏ పనివాడైనా విప్పారిపోతాడు. ఎవరూ లేకపోతే కాపలా ఆయన్ని అడగండి, "అన్నా, అందరూ ఏ బొమ్మ దగ్గర ఎక్కువసేపు నిలబడతారు?" అని. రోజూ ఎనిమిది గంటలు ఆ గోడల మధ్య ఉండే మనిషి ఆయన.

10. ఫోటోలు ఆఖర్లో. ఫ్లాష్ వద్దు, చాలా చోట్ల అసలు ఫోటోలే వద్దంటారు, అడిగి తీయండి. తీసేటప్పుడు బొమ్మతో పాటు చీటీని కూడా తీసుకోండి, లేకపోతే ఇంటికొచ్చాక ఎవరిదో గుర్తుండదు. బొమ్మకు వీపు పెట్టి సెల్ఫీ దిగుతూ వెనక్కి జరిగి కాన్వాస్‌ను మోచేత్తో గుద్దేవాళ్లున్నారు. ముట్టుకోకూడదని బోర్డు పెట్టేది మర్యాద కోసం కాదు. వేలి చెమట, నూనె రంగు మీద అంటుకుని ఏళ్ల తర్వాత మరకగా తేలుతుంది.

ఆశ్రమ పాఠశాల మాస్టార్లకు నాలుగు మాటలు

విహారయాత్ర అంటే నాగార్జునసాగర్, జూ పార్కు, చార్మినార్, స్నో వరల్డ్, రాత్రి బస్సు. ఆ పట్టికలో గ్యాలరీని ఇరికిస్తే అరగంట ఇస్తారు. నలభైమంది పిల్లలు వరసలో ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని ఒక గుమ్మంలో దూరి ఇంకో గుమ్మంలో బయటికొస్తారు. "మాట్లాడొద్దు, ముట్టుకోవద్దు, నడవండి." వాళ్లకు గుర్తుండేది ఈ మూడు ముక్కలే.

ఇలా చేసి చూడండి. ఐదుగురేసి జట్లు కట్టండి. జట్టుకు ఒక్క బొమ్మ, వాళ్లే ఎంచుకోవాలి. పావుగంట దాని ముందు నేల మీద కూర్చోవాలి, నోటు పుస్తకంలో దించాలి. తర్వాత మిగతా జట్లకు దాని గురించి వాళ్లే చెప్పాలి. కోయ భాషలో చెబుతామంటే కోయలోనే చెప్పనివ్వండి. చింతూరు, చర్ల వైపు పిల్లలు ఇంటి దగ్గర ఆ భాషలోనే ఆలోచిస్తారు, ఆ భాషలోనే బాగా చూస్తారు. తెలుగులో తడుముకునే పిల్ల కోయలో చెట్టు పేరు, పిట్ట పేరు, రాయి రంగు తడబడకుండా చెప్పడం మీరే వింటారు. బయలుదేరే ముందు భద్రాచలం గిరిజన మ్యూజియంలో ఇదే ఒకసారి సాధన చేయించండి. అక్కడ తమ ఇంట్లో ఉన్న వస్తువే అద్దం వెనక కనిపిస్తే పిల్లలు ముందు నవ్వుతారు. నవ్వనివ్వండి. "ఇది ఇక్కడ ఎందుకు పెట్టారు?" అని వాళ్లే అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు వెంటనే చెప్పేయకండి, బస్సులో తేల్చుకోమనండి.

చివరగా, సందర్శకుల పుస్తకం

గుమ్మం దగ్గర బల్ల మీద పెద్ద పుస్తకం ఒకటి తెరిచి ఉంటుంది. చాలామంది దాన్ని ఆఫీసు రిజిస్టర్ అనుకుని దాటేస్తారు. రాసేవాళ్లు కూడా "సూపర్", "వెరీ నైస్" అని రెండు ముక్కలు గిలికి పోతారు. మీరు తెలుగులో రాయండి. ఏ బొమ్మ, అందులో ఏ మూల, ఏమనిపించింది, ఏం నచ్చలేదు. ప్రభుత్వ గ్యాలరీ అయితే ఇంకా స్వేచ్ఛగా రాయండి, ఆ గోడల సున్నంలో మీరు కట్టిన పన్ను కూడా ఉంది. చీటీలు ఇంగ్లీషులోనే ఉంటే తెలుగులో కూడా పెట్టమని, పెద్దవాళ్లు కూర్చోవడానికి హాలు మధ్యలో బెంచీ వేయమని అడగండి. ప్రదర్శన పెట్టినవాళ్లు ఆ పుస్తకం పేజీ పేజీ చదువుతారు. పేరు కింద ఊరు పేరు మరిచిపోకండి: దుమ్ముగూడెం, టేకులపల్లి, వెంకటాపురం, మీది ఏదైతే అది.